ఒక్క తేడా: ప్రయోగంలో కంట్రోల్ ఏది, చరరాశి ఏది?

సైన్స్ పరీక్షల్లో తరచూ ఎదురయ్యే తరహా ప్రశ్న ఇది. ఒకే వయసు, ఒకే రకం మొక్కలున్న రెండు కుండీలు తీసుకున్నారు. మొదటి కుండీలో రోజూ 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఎరువు కలిపి పోశారు. రెండో కుండీలో ఏమీ పోయలేదు. మూడు వారాలకు మొదటి మొక్క ఏపుగా పెరిగింది, రెండోది వాడిపోయింది. కాబట్టి ఎరువు మొక్క ఎదుగుదలకు పనికొస్తుందని తేల్చారు. ఇందులో నియంత్రణ సమూహం, అంటే కంట్రోల్, ఏది?

ఎక్కువమంది తడుముకోకుండా 'రెండో కుండీ' అని రాసేస్తారు. ఏమీ పోయనిది అదే కదా! కానీ ఆ రెండో కుండీ ఎరువు గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నీళ్లు లేకపోతే మొక్క బతకదని మాత్రం చెప్పింది, అది తెలుసుకోవడానికి మూడు వారాల ప్రయోగం అక్కర్లేదు. ఆ రెండు కుండీల మధ్య తేడా ఒకటి కాదు, రెండు. ఒకదానికి ఎరువూ అందింది, నీళ్లూ అందాయి. రెండోదానికి రెండూ లేవు. పెరుగుదల దేనివల్ల వచ్చిందో ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు. కాబట్టి ఈ ప్రయోగంలో పనికొచ్చే కంట్రోల్ లేదన్నదే సరైన జవాబు. ఉండాల్సింది రోజూ అదే వేళకు అదే 100 మిల్లీలీటర్ల ఉత్త నీళ్లు పోసిన కుండీ.

కంట్రోల్ అంటే 'ఏమీ చేయనిది' అన్న అభిప్రాయం ఎక్కడ నాటుకుందో గానీ, చిన్న ప్రయోగాల్లో జరిగే పొరపాట్లలో సగం దాని పుణ్యమే. కంట్రోల్‌కూ అన్నీ చేయాలి, మనం ఏ ఒక్క విషయం గురించి అడుగుతున్నామో అది తప్ప.

ఇక్కడ మాటల దగ్గరే ఒక చిక్కుంది. దాన్ని ముందే విప్పుకోవడం మంచిది. ప్రయోగంలో కావాలని మార్చేదాన్ని స్వతంత్ర చరరాశి అంటారు. దాని వెంట మారుతుందో లేదో చూడటానికి మనం కొలిచేది ఆధారిత చరరాశి. ఫలితాన్ని మార్చగలిగి కూడా, మారకుండా మనం కట్టిపెట్టి ఉంచేవి నియంత్రిత చరరాశులు. పోల్చి చూడటానికి పక్కన పెట్టుకునేది నియంత్రణ సమూహం. చివరి రెండు పేర్లు చూడండి, 'నియంత్రిత', 'నియంత్రణ'. ఇంగ్లిష్‌లో రెంటికీ కంట్రోల్ అన్న మాటే వాడతారు. తికమక అక్కడ పుట్టి, అనువాదంతోపాటు మన పుస్తకాల్లోకీ వచ్చి కూర్చుంది. 'నియంత్రిత చరరాశి ఏది?' అని అడిగితే 'రెండో కుండీ' అనీ, 'నియంత్రణ సమూహం ఏది?' అని అడిగితే 'మట్టి, వెలుతురు' అనీ రాసేది అందుకే.

విడదీసి చూసుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. నియంత్రణ సమూహం వస్తువు. దాన్ని వేలు పెట్టి చూపించవచ్చు: ఈ కుండీ, ఆ సీసా, ఈ పదిమంది. చరరాశి ఆ వస్తువుకున్న ఒక లక్షణం. దానికి ఎక్కువ తక్కువలుంటాయి, లేదా రకాలుంటాయి. 'కుండీ' చరరాశి కాదు, కుండీ సైజు చరరాశి. 'నీళ్లు' అని రాస్తే సగమే చెప్పినట్టు, ఎన్ని నీళ్లో, ఎంత వేడి నీళ్లో చెబితేనే చరరాశి అవుతుంది. జవాబులో ఒట్టి పదార్థం పేరు కనిపిస్తే, దాని పక్కన 'ఎంత' అనో 'ఏ రకం' అనో చేర్చి చూడాలి. చాలా తప్పులు అక్కడికక్కడే సర్దుకుంటాయి.

మార్చేది ఏది, కొలిచేది ఏది అన్నదాంట్లో అనుమానం వస్తే ప్రశ్నను ఒకే వాక్యంగా తిరగరాసుకోవడం మేలు: 'ఫలానాది మారిస్తే ఫలానాది మారుతుందా?' మొదటి ఖాళీలో పడేది స్వతంత్ర చరరాశి, రెండో ఖాళీలో పడేది ఆధారిత చరరాశి. గ్రాఫ్ గీసినప్పుడు మొదటిది అడ్డం గీత మీద, రెండోది నిలువు గీత మీద వస్తుంది. వాక్యం కుదరకపోతే తప్పు చదివేవారిది కాకపోవచ్చు, ప్రయోగం వేసినవారికే తాము ఏం అడుగుతున్నారో తెలియకపోయి ఉండవచ్చు.

పేర్లు గుర్తుపట్టడం అంతవరకే. అసలు పని తేడాలు లెక్కపెట్టడం. ఇది ఎంత పట్టింపుతో చేయాల్సిన పనో చూపించడానికి ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ చేసిన ప్రయోగాన్ని మించింది దొరకదు. కుళ్లిన మాంసంలోంచి పురుగులు వాటంతటవే పుడతాయని అప్పట్లో నమ్మేవారు. 1668లో రెడీ తన ప్రయోగాలను ప్రచురించాడు. జాడీల్లో మాంసం పెట్టి, కొన్నిటి మూతి తెరిచి ఉంచాడు, కొన్నిటిని గట్టిగా మూసేశాడు. తెరిచిన వాటిలోకి ఈగలు వచ్చి పోయాయి, పురుగులు పట్టాయి. మూసిన వాటిలో మాంసం కుళ్లింది గానీ పురుగు కనిపించలేదు.

ఇందులో మార్చింది ఈగలకు మాంసం అందడం, అందకపోవడం. చూసింది పురుగులు పట్టాయా లేదా అన్నది. మాంసం, జాడీ, ఉంచిన చోటు, గడిచిన రోజులు రెండు వైపులా ఒకటే. తెరిచిన జాడీలు మామూలుగా జరిగేది చూపిస్తాయి కాబట్టి కంట్రోల్ అవే. ఇక్కడితో ఆగిపోతే స్కూలు పుస్తకానికి సరిపోయే చక్కటి ప్రయోగమే. కానీ పాత నమ్మకం వైపు నిలబడి చూస్తే ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది కూడా. జాడీ మూస్తే ఆగేది ఈగ ఒక్కటే కాదు, గాలి కూడా. పురుగులు పుట్టడానికి గాలి కావాలేమో! అంటే రెండో తేడా ఒకటి చాటుగా దూరింది. రెడీ ఆ అభ్యంతరానికి మాటలతో జవాబు చెప్పలేదు. ఇంకొన్ని జాడీల మూతికి సన్నటి వలలాంటి బట్ట కట్టాడు. గాలి వెళ్తుంది, ఈగ వెళ్లదు. ఈగలు వాసనకు వచ్చి బట్ట మీద వాలాయి, కింద మాంసంలో మాత్రం పురుగుల్లేవు. మూసిన జాడీకీ తెరిచిన జాడీకీ మధ్య రెండు తేడాలుంటే, బట్ట కట్టిన జాడీకీ తెరిచిన జాడీకీ మధ్య మిగిలింది దాదాపు ఒకటే. మొత్తం ప్రయోగానికి బలం ఆ గుడ్డముక్కలోనే ఉంది.

ఒకే వస్తువు ఒక ప్రశ్నకు కంట్రోల్ అయి, ఇంకో ప్రశ్నకు కాకుండా పోవచ్చు. ఈస్ట్‌తో చేసే బుడగ (బెలూన్) ప్రయోగంలో ఇది బాగా కనిపిస్తుంది. మూడు ఒకే రకం సీసాలు. మొదటిదాంట్లో గోరువెచ్చటి నీళ్లు, ఈస్ట్, పంచదార. రెండోదాంట్లో నీళ్లు, ఈస్ట్. మూడోదాంట్లో నీళ్లు, పంచదార. మూడింటి మూతికీ ఒక్కో బుడగ తొడిగి, ఒకేచోట పెట్టారు. అరగంటకో గంటకో మొదటి సీసా మీద బుడగ ఉబ్బి నిలబడుతుంది. ఈస్ట్ పంచదారను తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి.

కంట్రోల్ ఏదని అడిగితే, ముందు మనం ఏం అడుగుతున్నామో చెప్పాలి. 'గ్యాస్ రావడానికి పంచదార కావాలా?' అన్నది ప్రశ్న అయితే పంచదార లేని రెండో సీసా కంట్రోల్. 'గ్యాస్ వచ్చేది ఈస్ట్ వల్లేనా?' అన్నది ప్రశ్న అయితే ఈస్ట్ లేని మూడోది. మూడో సీసా ఇంకో పని కూడా చేసిపెడుతుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గోరువెచ్చటి నీళ్లు పోస్తే పైన ఉన్న గాలి వేడెక్కి కొంచెం వ్యాకోచిస్తుంది, బుడగ ఈస్ట్ లేకుండానే కాస్త లేస్తుంది. మొదటి సీసా మీద బుడగ లేవడంలో ఎంత భాగం వేడిగాలిదో, ఎంత భాగం ఈస్ట్‌దో తెలిసేది మూడోదాన్ని పక్కన పెట్టి చూసినప్పుడే. కంట్రోల్‌ను అలంకారంగా పెట్టరు, ఫలితంలోంచి తీసివేయాల్సిన లెక్క అందులో ఉంటుంది.

ఆధారిత చరరాశి విషయంలో మోసం వేరే రకంగా జరుగుతుంది. 'మొక్క ఎదుగుదల' అని రాసి ఊరుకుంటే అది కొలత కాదు. ఎత్తా, ఆకుల సంఖ్యా, బరువా? ఏది ఎంచుకున్నా ఒకటే అనిపిస్తుంది గానీ ఒకటి కాదు. మొలకెత్తిన గింజలను సగం వెలుతురులో, సగం చీకటి అల్మారాలో ఉంచి, వారం తర్వాత స్కేలు పెట్టి కొలిస్తే చీకట్లో ఉన్న మొలకలే పొడుగ్గా ఉంటాయి. వెలుతురు వెతుక్కుంటూ కాండం సాగుతుంది, సన్నగా, పాలిపోయి, నిలబడలేక వాలిపోయేంతగా. ఎత్తును మాత్రమే రాసుకున్న పిల్లవాడు 'మొక్కలకు చీకటి మంచిది' అని ముగిస్తే అతని పట్టికలో తప్పేమీ కనపడదు. స్వతంత్ర చరరాశి సరిగ్గానే ఉంది, కంట్రోల్ సరిగ్గానే ఉంది. కొలవాల్సింది కొలవలేదు, అంతే. అవే మొలకలను ఎండబెట్టి తూస్తే కథ తిరగబడుతుంది. చీకట్లో ఉన్నవి గింజలో దాచుకున్నది ఖర్చుపెట్టుకుంటూ సాగాయే తప్ప కొత్తగా ఏమీ తయారుచేసుకోలేదు.

ప్రతి ప్రయోగంలోనూ నియంత్రణ సమూహం ఉండి తీరాలన్నది కూడా అపోహే. లోలకం తీసుకోండి. దారం పొడవు మారిస్తే ఊగే సమయం మారుతుందా అన్నది ప్రశ్న. 25, 50, 75, 100 సెంటీమీటర్ల పొడవులతో పది ఊపులకు పట్టే సమయం కొలిస్తే సుమారు 10, 14, 17, 20 సెకన్లు వస్తుంది. ఇందులో 'పొడవు లేని లోలకం' అంటూ ఏదీ ఉండదు. 25 సెంటీమీటర్లది అన్నిటికన్నా చిన్నది కాబట్టి అదే కంట్రోల్ అని రాయడం ఉత్త ఊహ. ఇలాంటి చోట ప్రతి కొలతనూ మిగతా కొలతలతోనే పోలుస్తారు. నియంత్రణ సమూహం లేదు, నియంత్రిత చరరాశులు మాత్రం ఉన్నాయి: గుండు బరువు, వదిలే కోణం. 'కంట్రోల్ లేదు' అని రాయడానికి ధైర్యం కావాలి. ప్రశ్నలో అడిగారు కాబట్టి ఎక్కడో ఉండే ఉంటుందని వెతికి అతికించేవారే ఎక్కువ.

అదే లోలకంతో పొడవుకు బదులు బరువు మార్చి చూద్దామనుకుంటే చాటు తేడా ఒకటి పొంచి ఉంటుంది. దారం పొడవు ముట్టుకోకుండా చిన్న గుండు విప్పి పెద్ద గుండు కట్టారు. ఊగే సమయం కొద్దిగా పెరిగింది. బరువు పెరిగితే సమయం పెరుగుతుందని రాసుకున్నారు. నిజానికి లోలకం పొడవును దారం చివరి వరకు కాదు, గుండు మధ్య వరకు కొలవాలి. గుండు పెద్దదైతే దాని మధ్య బిందువు కిందికి జారుతుంది. దారం మారకపోయినా లోలకం పొడవు మారింది. కట్టిపెట్టామనుకున్న చరరాశి ముడి విప్పుకుని పోయింది. అదే సైజులో చెక్క గుండు ఒకటి, ఇనుప గుండు ఒకటి వాడితే ఈ గొడవ లేదు.

కట్టిపెట్టడం సంగతి వచ్చింది కాబట్టి పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ విల్లో మొక్కను తలుచుకోకుండా ఉండలేం. ఆయన ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిని తొట్టిలో పోసి, 5 పౌండ్ల మొక్క నాటి, అయిదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. దుమ్ము పడకుండా తొట్టికి చిల్లుల మూత కూడా పెట్టాడు, అంత జాగ్రత్త. చివరికి చెట్టు 169 పౌండ్లకు పైగా తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. చెట్టు మొత్తం నీళ్లలోంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ఈ ఫలితం ఆయన చనిపోయాక 1648లో అచ్చయింది. తూకంలో వంక పెట్టలేం. మట్టి చెట్టుకు తిండి కాదన్న మొదటి సగం చాలావరకు నిలబడింది కూడా. రెండో సగం మాత్రం తప్పు. చెట్టు చుట్టూ అయిదేళ్లూ గాలి ఉంది. అది మారలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. పోల్చడానికి ఇంకో తొట్టి లేదు. ఏది ప్రయోగమంతా ఒకేలా ఉందో, దాని గురించి ఆ ప్రయోగం ఏమీ చెప్పలేదు. అది ముఖ్యమనీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఏమీ ఇవ్వని గుంపు లేకుండానే పోలిక బలంగా నిలబడటం కూడా ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ జబ్బుతో ఉన్న 12 మంది నావికులను ఇద్దరేసి చొప్పున ఆరు జతలు చేశాడు. సాధ్యమైనంతవరకు ఒకే రకం లక్షణాలున్నవారిని ఎంచుకున్నాడు, అందరినీ ఒకే చోట పడుకోబెట్టాడు, తిండి ఒకటే పెట్టాడు. జతకో మందు: ఒకరికి వెనిగర్, ఒకరికి సముద్రపు నీళ్లు, ఇంకొకరికి నారింజ, నిమ్మపండ్లు, అలా. పండ్లు ఆరు రోజులకే అయిపోయాయి. అయినా ఆ జత తేరుకున్నంతగా ఇంకెవరూ తేరుకోలేదు. ప్రతి జతకూ మిగతా అయిదు జతలే కంట్రోల్. అయితే జతకు ఇద్దరే ఉండటం ఇందులోని బలహీనత. నియంత్రణ 'సమూహం' అన్న మాటలో సమూహం ఊరికే రాలేదు. ఒక్క కుండీలో మొక్క ఎండిపోతే వేరు పురుగు వల్ల కావచ్చు, విత్తనం లోపం వల్ల కావచ్చు. అటు పది, ఇటు పది ఉంటే అలాంటి ఒకటీ అరా కలిసిపోతాయి. ఏ మొక్క ఎటు పోవాలో చీటీలు తీసి నిర్ణయిస్తే ఇంకా మంచిది. చేత్తో ఏరితే బాగున్నవన్నీ తెలియకుండానే మనకు ఇష్టమైన వైపుకు చేరిపోతాయి.

మనుషుల మీద చేసే ప్రయోగాల్లో 'అన్నీ చేయాలి, అది తప్ప' అన్న నియమం నమ్మకానికీ వర్తిస్తుంది. మెస్మర్ అనే వైద్యుడు ప్రచారం చేసిన అయస్కాంత వైద్యాన్ని పరీక్షించడానికి 1784లో ఫ్రాన్స్ రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజే ఉన్నారు. తోటలో ఒక చెట్టుకు ఆ అయస్కాంత శక్తి పట్టించామని చెప్పి, దాని ప్రభావానికి లోనవుతాడని పేరున్న ఒక కుర్రవాణ్ణి కళ్లకు గంతలు కట్టి చెట్టు తరవాత చెట్టు దగ్గరికి తిప్పారు. కుర్రవాడు స్పృహ తప్పి పడిపోయాడు, అయితే శక్తి పట్టించని చెట్టు దగ్గర. శక్తి, శక్తి ఉందన్న నమ్మకం అప్పటిదాకా ఎప్పుడూ కలిసే ఉండేవి. గంతలు ఆ రెంటినీ విడదీశాయి. మందుల పరీక్షల్లో కంట్రోల్ సమూహానికి అచ్చం మందులా కనిపించే ఉత్త మాత్ర ఇచ్చేది ఇందుకే. ఏమీ ఇవ్వకపోతే మందు లేకపోవడమూ, మందు వేసుకున్నామన్న భావన లేకపోవడమూ రెండు తేడాలవుతాయి.

ఇక అందరూ స్కూల్లో చదివిన మోల్ అర్ధపత్ర ప్రయోగాన్ని ఒకసారి ఈ కళ్లతో చూడొచ్చు. కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డయాక్సైడ్ కావాలని చూపించేది. మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచి ఆకుల్లోని పిండిపదార్థం ఖర్చయిపోయేలా చేస్తారు. వెడల్పు మూతి సీసాలో, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకునే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి, చీల్చిన బిరడాలోంచి ఆకు సగం లోపలికి, సగం బయటికి వచ్చేలా దూర్చి, కొన్ని గంటలు ఎండలో పెడతారు. తర్వాత ఆకును ఆల్కహాల్‌లో మరిగించి రంగు తీసి అయోడిన్ చుక్కలు వేస్తే బయటి సగం నీలినలుపు అవుతుంది, అంటే అక్కడ పిండిపదార్థం ఉందన్నమాట, లోపలి సగం కాదు. మార్చింది కార్బన్ డయాక్సైడ్ అందడం, చూసింది పిండిపదార్థం ఉందా లేదా అన్నది, కంట్రోల్ బయటి సగం. ఒకే ఆకు కాబట్టి వయసు, జాతి, ఆరోగ్యం అన్నీ సమానం. ఎంత పొందికైన ఏర్పాటో అనిపిస్తుంది.

ఇప్పుడు తేడాలు లెక్కపెట్టండి. లోపలి సగానికి కార్బన్ డయాక్సైడ్ లేదు, అది అనుకున్న తేడా. కానీ అది గాజులో కూడా ఉంది. లోపల తేమ వేరు, వేడి వేరు, గాలి కదలిక లేదు, బిరడా ఆకును నొక్కి పట్టుకుంది. రెడీ మూసిన జాడీకి వచ్చిన అభ్యంతరమే దీనికీ వస్తుంది. దీనికి కావాల్సిన గుడ్డముక్క రెండో సీసా. అదే మొక్కకున్న ఇంకో ఆకు, అదే సైజు సీసా, అదే బిరడా, లోపల పొటాషియం హైడ్రాక్సైడ్‌కు బదులు అంతే పరిమాణంలో ఉత్త నీళ్లు. ఈ సీసాలోని సగం కూడా నీలినలుపు అయితే మొదటి సీసాలో పిండిపదార్థం రాకపోవడాన్ని ద్రావణం మీదికి నెట్టవచ్చు. ఇది కూడా రంగు మారకపోతే పట్టుబడింది సీసా. ఇక అప్పుడు మూత ఎంత బిగుసుగా ఉంది, లోపల ఉన్న కాస్త గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతసేపటికి అయిపోయింది, ఇంకా పెద్ద సీసా వాడాలా అన్న దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.